వార్తలు చదవాలనుకునే పాతబస్తీ యువతకు

1983 నవంబరు 14 సాయంత్రం ఏడు గంటలకు రామంతాపూర్‌లోని హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం నుంచి మొదటిసారి తెలుగులో వార్తలు వచ్చాయి. చదివినవారు శాంతి స్వరూప్. చేతిలో కాగితాలు, ఎదురుగా కెమెరా. అక్షరాలు నడిపించే టెలీప్రాంప్టర్ లేదు. ఆ తర్వాత కూడా పదేళ్లపాటు ఆయన వార్తలను ముందే బట్టీపట్టి, తల పైకెత్తి, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు చెప్పారు. తెలుగు టీవీలో తొలి న్యూస్ రీడర్‌గా ఆయన పేరు నిలిచిపోయింది.

లాల్‌దర్వాజా, గౌలిపురా, ఛత్రినాక, శాలిబండ, యాకుత్‌పురా గల్లీల్లో పెరిగి, టీవీలో వార్తలు చదవాలని కోరుకునే అబ్బాయిలూ అమ్మాయిలూ ఎంతోమంది ఉన్నారు. డిగ్రీ చేతికొచ్చాక చాలామందిలో ఒకటే అనుమానం. మన ముఖం కెమెరాకు పనికొస్తుందా, మన యాస ఒప్పుకుంటారా, ఛానళ్లుండే జూబ్లీహిల్స్‌లో మనకు తెలిసినవాళ్లెవరున్నారు? ఈ మూడింటిలో మొదటిది చాలా చిన్న విషయం. రెండోది మీరు అనుకునేంత అడ్డంకి కాదు. మూడోదానికి దారులున్నాయి. శాంతి స్వరూప్ ఉద్యోగ జీవితాన్ని కాస్త దగ్గరగా చూస్తే అసలు పెట్టుబడి ఏమిటో అర్థమవుతుంది. బులెటిన్ చదవడం పావుగంట పని. చదవడానికి ముందు చేసే పనే ఉద్యోగం.

ఆయన ఉద్యోగం చెప్పే సంగతులు

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో మొదలైంది. శాంతి స్వరూప్ 1978లో ఉద్యోగంలో చేరారు. తెలుగు వార్తలు మొదలైంది మాత్రం 1983లో. అంటే ఆయన పేరు ఏ పనితో ముడిపడిందో ఆ పని ఆయన చేతికి రావడానికి ఐదేళ్లు పట్టింది. ఇవాళ ఏదైనా ఛానల్‌లో చేరి ఆరు నెలలైనా స్టూడియోలో కూర్చోబెట్టలేదని మానేసే పిల్లలు ఈ ఐదేళ్ల సంగతి గుర్తుపెట్టుకోవాలి. డెస్కులో కాపీ రాస్తున్నా, వాయిస్ ఓవర్ చెప్తున్నా, గెస్టులకు ఫోన్లు చేస్తున్నా మీరు స్టూడియోకు దూరంగా లేరు. యాంకర్ సెలవు పెట్టిన రోజున ప్రొడ్యూసర్ కన్ను ముందు పడేది ఆఫీసులో ఉన్నవాళ్ల మీదే.

రెండో సంగతి బట్టీపట్టడం. అర్థం కాని వాక్యం బట్టీపడితే నోట్లో నిలవదు. ఎవరు చేశారు, ఏం చేశారు, ఎక్కడ, ఎందుకు అన్నది తలకెక్కితేనే కాగితం చూడకుండా చెప్పగలం. ఇప్పుడు ప్రాంప్టర్ ఉంది కాబట్టి ఆ శ్రమ అక్కర్లేదని అనుకోవద్దు. ప్రాంప్టర్ ఆగిపోతుంది, కొన్నిసార్లు వేరే వార్త దగ్గరికి దూకేస్తుంది. అప్పుడు కాపాడేది ముందు చదివి అర్థం చేసుకున్నదే.

మూడోది, ఆయన వార్తల దగ్గరే ఆగిపోలేదు. భోపాల్ విషవాయువు దుర్ఘటన మీద 'రాతి మేఘం' నవల రాశారు. ఇంకా నవలలు రాశారు. బులెటిన్‌లో రెండు వాక్యాలుగా వచ్చి పోయే దుర్ఘటన గురించి నవల రాసేంతగా ఆలోచించిన మనిషి గొంతులో ఆ బరువు వినిపిస్తుంది. భార్య రోజారాణి కూడా న్యూస్ రీడరే. 2011లో పదవీ విరమణ చేసేదాకా ఆయన దూరదర్శన్‌తోనే ఉన్నారు. 2024 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ఆ రోజు చాలామందికి ముందు గుర్తొచ్చింది ఆయన గొంతే.

మీ నోట్లో ఉన్న మూడు భాషలు

పాతబస్తీలో పెరిగినవాళ్లకు ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, కాలేజీలో ఇంగ్లీషు మామూలు. కొందరికి ఇంట్లోనే ఉర్దూ. ఇది లోపమని భయపడి దాచుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. హైదరాబాద్ వార్తల్లో వచ్చే పేర్లు ఆ మూడు భాషలవే. ఖైరతాబాద్‌ను 'కైరతాబాద్' అని, ఫలక్‌నుమాను 'పలక్‌నామా' అని చదివితే ఊరివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. మీకు మొఘల్‌పురా, దారుల్‌షిఫా, ఖిల్వత్, పత్తర్‌గట్టి పేర్లు ఎవరూ నేర్పక్కర్లేదు. లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాల రోజున ఏ గల్లీలో ఏం జరుగుతుందో, మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం ఊరేగింపు ఏ దారిన వెళ్తుందో మీకు తెలుసు. లైవ్‌లో నిలబడి మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఇంతకు మించిన సామాను లేదు. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష. ఉర్దూలో ఇచ్చిన స్టేట్‌మెంట్‌ను అక్కడికక్కడే తెలుగులో చెప్పగలిగిన రిపోర్టర్ ఏ ఛానల్‌కైనా కావాలి.

యాస సంగతి కూడా చూద్దాం. తెలంగాణ మాటతోనే నడిచిన వీ6 తీన్మార్ వార్తలు ఇంటింటికీ చేరాయి. యాస వినిపించినంత మాత్రాన తలుపులు మూసే రోజులు పోయాయి. అయితే యాస వేరు, ఉచ్చారణ దోషం వేరు. 'సమజైందా' అనడం యాస. 'శాసనసభ'ను 'సాసనసభ' అనడం దోషం. దాన్ని దిద్దుకోవాలి.

ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువగా తప్పేది శ, ష, స దగ్గర, ఒత్తక్షరాల దగ్గర. 'విశేషం', 'ప్రశంస', 'ధర', 'భద్రత', 'ఘటన' అనే మాటలు రోజూ గట్టిగా పలకండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఖ, ఘ, ధ, భ తేలిక. వాళ్లు తడబడేది ణ, ళ దగ్గర. 'నిర్ణయం', 'గణాంకాలు', 'నీళ్లు', 'కళాశాల' వాళ్ల సాధన మాటలు. మీ పక్కింటి దోస్తు వేరే భాషవాడైతే ఇద్దరూ కలిసి కూర్చోండి. ఒకరి లోపం ఇంకొకరి చెవికి ఇట్టే దొరుకుతుంది.

రోజూ గంట సాధన

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. పాతబస్తీ నుంచి నయాపూల్ దాటితే చాలు. అక్కడ ఒకే వార్తను ఒక తెలుగు పేపర్లో, ఒక ఉర్దూ పేపర్లో, ఒక ఇంగ్లీషు పేపర్లో చదవండి. ఎవరు ఏది ముందు చెప్పారు, ఏది వదిలేశారో రాసుకోండి. ఇంటికొచ్చి అదే వార్తను మీ మాటల్లో నాలుగు వాక్యాలుగా రాసి, ఫోన్‌లో రికార్డు చేయండి.

ఒక ఉదాహరణ చూద్దాం. వానాకాలంలో డెస్కు నుంచి ఇలాంటి కాపీ రావడం మామూలే:

'ఎగువన కురుస్తున్న భారీ వర్షాలకు జంట జలాశయాలకు వరద పోటెత్తడంతో అధికారులు గేట్లు ఎత్తి నీటిని దిగువకు విడుదల చేస్తుండగా మూసీ పరీవాహక ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలని సూచించారు.'

పేపర్లో ఇది చెల్లుతుంది. చెవికి మాత్రం పట్టదు. ఊపిరి తీసుకునే చోటు లేదు. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున ఉన్న తల్లికి కావలసిన మాట చిట్టచివర ఎక్కడో ఉంది. దాన్ని ఇలా మార్చండి:

'ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. / మూసీలో నీళ్లు పెరుగుతున్నాయి. / చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ లాంటి ఒడ్డు ప్రాంతాలవాళ్లు / జాగ్రత్తగా ఉండాలని / అధికారులు చెప్పారు.'

ఈ అడ్డగీతలు ఊపిరికి గుర్తులు. గట్టిగా పలకాల్సిన మాట కింద గీత గీయండి. ఇక్కడ 'గేట్లు ఎత్తారు' ఒకటి, 'జాగ్రత్తగా' ఒకటి. అంతకంటే ఎక్కువ గీతలు గీస్తే ఏదీ గట్టిగా వినిపించదు. తర్వాత డెస్కును అడగాల్సిన ప్రశ్నలు రాసుకోండి. ఏ అధికారులు చెప్పారు, జలమండలా, కలెక్టరా? ఎన్ని గేట్లు, ఎంత ఎత్తు? ఎన్ని గంటలకు? అంకె ఉంటే అక్షరాల్లో రాసుకోండి. కెమెరా ముందు పన్నెండు వేల ఐదొందలను లక్షా పాతికవేలు చేయడం క్షణంలో జరుగుతుంది.

ఇంకో మెట్టు ఎక్కాలంటే ఆ వార్త వెనక కథ తెలియాలి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద నగరాన్ని ముంచేసింది. మళ్లీ అలాంటిది రాకూడదనే ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. లైవ్‌లో రిపోర్టర్ లైను తెగిపోయి, చెవిలో ప్రొడ్యూసర్ 'ఇంకో నిమిషం నడిపించు' అన్నప్పుడు ఈ సంగతులు తెలిసిన యాంకర్ నిమ్మళంగా మాట్లాడుతుంది. తెలియనివాళ్లు ఒకే మాటను ఆరుసార్లు తిప్పి చెప్తారు.

రికార్డు చేసినది ముందు మీరే వినండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లకు వినిపించండి. 'తాతా, నేను చదివింది సమజైందా? ఏం జరిగిందో చెప్పు' అని అడగండి. తాత చెప్పలేకపోతే తప్పు తాతది కాదు. మళ్లీ రాసి మళ్లీ చదవండి. వాచీ పెట్టుకుని నిమిషంలో ఎన్ని మాటలు చదువుతున్నారో వారానికోసారి లెక్కపెట్టండి. కంగారుపడితే వేగం పెరుగుతుంది. అది మీకే కనిపిస్తుంది.

గొంతును కాపాడుకోవడం కూడా సాధనలో భాగమే. గుట్కా, జర్దా, సిగరెట్ ఏ గొంతునైనా పాడుచేస్తాయి. అరిచి సాధన చేయకండి. నీళ్లు బాగా తాగండి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చిట్కాలు ఆపేసి కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లండి.

తలుపులు ఎక్కడున్నాయి

చదువు వైపు చూస్తే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. ఉర్దూలో చదవాలనుకునేవాళ్లకు గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు విశ్వవిద్యాలయంలో కూడా జర్నలిజం చెప్తారు. ఫీజు భారమని వెనక్కి తగ్గే ముందు ప్రభుత్వ ఈపాస్ వెబ్‌సైట్‌లో మీకు ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్ వర్తిస్తాయేమో చూడండి. పేపర్లు, ఛానళ్లు నడిపే జర్నలిజం స్కూళ్ల ప్రకటనలు కూడా గమనిస్తూ ఉండండి. స్టైపెండ్ ఇచ్చి నేర్పేవి వాటిలో ఉంటాయి.

పని వైపు చూస్తే మొదటి తలుపు రేడియో. ఆకాశవాణి అప్పుడప్పుడు క్యాజువల్ ప్యానెల్ కోసం న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్లను, అనౌన్సర్లను పిలుస్తుంది. రాతపరీక్షలో ఇంగ్లీషు నుంచి అనువాదం ఉంటుంది. తర్వాత గొంతు పరీక్ష. అవి నెలకు కొన్ని డ్యూటీలే, పర్మినెంట్ ఉద్యోగం కాదు. అయినా మైకు ముందు కూర్చునే అలవాటు, ఏ మాటకు ఎవరు పూచీపడాలన్న జాగ్రత్త అక్కడ పట్టుబడతాయి. సినిమా నటుడు కొంగర జగ్గయ్య కూడా ఒకప్పుడు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవారే.

రెండో తలుపు డెస్కు. ఈటీవీ2, టీవీ9 వచ్చిన 2003, 2004 నాటి నుంచి తెలుగులో రోజంతా వార్తలు నడిచే ఛానళ్లు పెరిగాయి. రోజంతా నడవాలంటే రాసేవాళ్లు చాలామంది కావాలి. సబ్ ఎడిటర్‌గా చేరినవాళ్లకు రన్‌డౌన్ (బులెటిన్‌లో వార్తల వరుస) ఎలా కడతారో, బైట్ (మాట్లాడినవాళ్ల వీడియో ముక్క) ఎక్కడ కత్తిరిస్తారో, ఏ వార్త ఎందుకు పడిపోతుందో తెలుస్తుంది. అవన్నీ తెలిసి స్టూడియోలోకి వెళ్లిన యాంకర్ కంగారుపడదు.

మూడోది మీ గల్లీయే. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, చార్మినార్, లాడ్ బజార్, చౌమహల్లా ప్యాలెస్ మీకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ గాజులు చేసే కారిగర్‌తో మాట్లాడి మూడు నిమిషాల వీడియో చేయండి. అందులో మీ ముఖం పది సెకన్లు కనిపిస్తే చాలు. మీరు అడిగిన ప్రశ్నలు వినిపించాలి. ఇంటర్వ్యూలో బోర్డుకు అలాంటివి రెండు చూపించండి. అద్దె స్టూడియోలో కోటు వేసుకుని చదివిన వీడియో కంటే అవి ఎక్కువ చెప్తాయి.

డబ్బు అడిగితే ఆగండి

'యాంకర్ ట్రైనింగ్, ఉద్యోగం గ్యారంటీ' అని వేలకు వేలు తీసుకునేవాళ్లు నగరంలో ఉన్నారు. కట్టే ముందు మూడు అడగండి. ఇక్కడ నేర్చుకుని ఇప్పుడు పనిచేస్తున్న ముగ్గురితో మాట్లాడించండి. చెప్పేవాళ్లు ఏ న్యూస్‌రూమ్‌లో ఎంతకాలం పనిచేశారు? ఉద్యోగం రాకపోతే డబ్బు తిరిగిస్తామని కాగితం మీద రాసిస్తారా? సమాధానం దాటవేస్తే లేచి వచ్చేయండి. స్క్రీన్ టెస్టుకు, ఐడీ కార్డుకు, మైకుకు డబ్బు కట్టమన్నా అంతే. మీరు పనిచేస్తే వాళ్లు మీకివ్వాలి. రిపోర్టర్ ఐడీ కార్డు ఇచ్చి యాడ్స్ తెమ్మనేచోట చేరితే మీ పేరే పోతుంది. ఊళ్లో ఒకసారి పోయిన పేరు తిరిగి రాదు.

సంతకం పెట్టే ముందు

ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో కాగితాలు చదవడం మర్చిపోవద్దు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. అందులో మీ హోదా, జీతం, పని వివరాలు ఉండాలి. మిమ్మల్ని ఉద్యోగిగా తీసుకుంటున్నారా, కన్సల్టెంట్‌గానా, నెలకింత రిటైనర్ అనా అన్నది ముందే తేల్చుకోండి. ఉద్యోగి కాకపోతే పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండకపోవచ్చు. ఉద్యోగి అయితే మీ పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్ అడిగి తీసుకోండి. జీతంలో కోసిన డబ్బు ఖాతాలో పడుతోందో లేదో ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్‌లో నెలనెలా చూడండి. జీతం 21 వేలు, అంతకు లోపు ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. మీ వాటా జీతంలో ముప్పావు శాతమే. ఇంటిల్లిపాదికీ వైద్యం ఉంటుంది కాబట్టి దాన్ని వదులుకోవద్దు.

షిఫ్టుల సంగతి ఇంట్లో ముందే మాట్లాడండి. తెల్లవారుజాము బులెటిన్ అంటే చీకట్లోనే బయల్దేరాలి. పాతబస్తీ లోపలికి మెట్రో ఇంకా రాలేదు. ఎంజీబీఎస్ దాకా వెళ్లి పట్టుకుందామన్నా తెల్లవారుజామున రైలు ఉండదు. ఆఫీసు క్యాబ్ మీ ఇంటిదాకా వస్తుందా, గల్లీ మొదట్లోనే దింపేస్తుందా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. అమ్మాయిలకు అదే ఉద్యోగం నిలబడేదీ పోయేదీ తేల్చేస్తుంది. అడగడానికి మొహమాటపడకండి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి ఆఫీసులోనూ లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. కమిటీలో ఎవరున్నారో చేరిన మొదటి వారంలోనే తెలుసుకోండి.

ఛానల్ ఆగిపోతే, యంత్రం చదివితే

ఈ రంగంలో సంస్థలు శాశ్వతం కాదు. ఉదాహరణకు ఫిలిప్పీన్స్ దేశంలో నోలీ డి కాస్ట్రో అనే యాంకర్ ఉన్నారు. రేడియోలో మొదలై, 1987లో వచ్చిన 'టీవీ పెట్రోల్' వార్తలతో ఇంటింటికీ తెలిసి, 2004లో ఆ దేశ ఉపాధ్యక్షుడిగా గెలిచారు. పదవీకాలం పూర్తయ్యాక మళ్లీ యాంకర్ కుర్చీకి తిరిగొచ్చారు. అంత పేరున్న ఆ కార్యక్రమాన్ని నడిపిన ఏబీఎస్-సీబీఎన్ సంస్థకు 2020 మేలో లైసెన్సు గడువు తీరింది. మే 5న ప్రసారం ఆపేశారు. వేలమంది ఉద్యోగులు వీధిన పడే పరిస్థితి వచ్చింది. వార్తలు మాత్రం కేబుల్‌లో, ఆన్‌లైన్‌లో కొనసాగాయి. ఛానల్ పేరు చూసి మాత్రమే మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఛానల్ పోతే పోతారు. మీ పనిని బట్టి గుర్తుపట్టేవాళ్లు ఎక్కడికి వెళ్లినా మీ వెంట వస్తారు.

యంత్రం సంగతి కూడా దాచాల్సిన పని లేదు. 2024 మే 26న దూరదర్శన్ రైతుల ఛానల్ డీడీ కిసాన్‌లో క్రిష్, భూమి అనే ఇద్దరు కృత్రిమ మేధ యాంకర్లు వచ్చారు. వాళ్లకు సెలవు అక్కర్లేదు, అలసట లేదు. రాసిచ్చింది తప్పు లేకుండా చదవడం ఒక్కటే మీకు వచ్చిన పనైతే ఆ పని ముందుముందు తగ్గుతుంది. మంత్రిగారు ప్రశ్న దాటవేసినప్పుడు మళ్లీ అదే ప్రశ్న అడగడం, పోలీసుల లెక్కకూ ఆసుపత్రి లెక్కకూ తేడా వస్తే అది చెప్పడం, నిర్ధారణ కాని వార్తను లైవ్‌లో ఆపేయడం మనిషి చేయాల్సిన పనులు. పాతబస్తీలో ఒక్క పుకారు ఎంత నష్టం చేయగలదో మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. పుకారును పుకారని, నిజాన్ని నిజమని అందరికంటే ముందు, అందరికంటే నెమ్మదిగా చెప్పగలిగిన గొంతు ఈ నగరానికి కావాలి. ఆ గొంతు ఇక్కడి పిల్లలదైతే ఊరు ఇంకా త్వరగా నమ్ముతుంది.

అందుకే ఈ నెలలోనే మొదలుపెట్టండి. రోజుకో వార్తను మీ మాటల్లో తిరగరాసి, గుర్తులు పెట్టి, రికార్డు చేసి వినండి. వారానికోసారి లైబ్రరీకి వెళ్లండి. నెల తిరిగేలోగా మీ బస్తీ మీద ఒక్క వీడియో పూర్తి చేయండి. తర్వాత ఆకాశవాణికి, డెస్కు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టండి. కుర్చీ దొరకడానికి ఆలస్యం కావచ్చు. దొరికిన రోజున మీ తయారీలో మాత్రం లోటు ఉండకూడదు.